వసుంధర గారు, మా బర్రె, నా ఇంగ్లీషు

మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ తలుపు తీయగానే, ఏసీ చలిలో మగ్గిన తివాచీ వాసన ముక్కుకు తగిలింది. వెంటనే వసుంధర గారు గుర్తొచ్చారు. తొంభైల మొదట్లో అలాంటి స్టూడియోకే ఆవిడ మేనేజరు. బెజవాడ వైపు మనిషి. ఇస్త్రీ చెదరని నేత చీర, గొంతు పెంచకుండానే ఎంతటివారినైనా ఆపే మాట. నేను షేక్‌పేట నుంచి నడిచి వచ్చే టైపిస్టును. రిసెప్షన్ కుర్చీ ఖాళీ అయితే అది నాకే ఇవ్వాలని ఆవిడ పట్టుబట్టారు. బొంబాయి వాళ్లతో ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడలేని పిల్ల అక్కడెలా కూర్చుంటుందన్నారు ఓనరు. చివరికి ఓనరే, నెల రోజులు చూద్దాం, ఇంగ్లీషు రాకపోతే పంపించేద్దాం అన్నారు. మా ఇల్లు నా ఉద్యోగం మీదే నడుస్తున్న రోజులవి.

నాకు ఇంగ్లీషు నేర్పే పని వసుంధర గారే తీసుకున్నారు. ఆవిడ పాఠం వింతగా ఉండేది. పుస్తకం ముట్టనిచ్చేవారు కాదు. ఒక ఇంగ్లీషు మాట ఇచ్చి, దాన్ని మా ఇంటి సంగతిలో పెట్టి చెబితేగాని పొద్దుటి టీ తాగనిచ్చేవారు కాదు. అప్పటిదాకా ఆవిడా తాగేవారు కాదు, అదే నాకు ఇబ్బంది. ఒకరోజు ‘లుక్ ఆఫ్టర్’ ఇచ్చారు. బాగోగులు చూసుకోవడం అని అర్థం చెప్పారు. రాజు రాజ్యాన్ని చూసుకుంటాడని నేనేదో బడి పాఠంలా అప్పజెప్పాను.

“నీకు రాజ్యం ఉందా?” అన్నారు.

“లేదు మేడమ్.”

“మరి మీ ఇంట్లో నువ్వు చూసుకునేదేంటి?”

“మా బర్రె,” అన్నాను మెల్లగా. “అందరు నవ్వుతరు మేడమ్. జర వేరే మాట ఇయ్యుండ్రి.”

“దాని మేతా నీళ్లూ చూసేది నువ్వేగా? చేసే పని చెప్పడానికి సిగ్గెందుకు? చెప్పమ్మా, టీ చల్లారిపోతోంది.”

“ఐ లుక్ ఆఫ్టర్ అవర్ బఫెలో,” అన్నాను. ఆవిడ నవ్వలేదు. కప్పు నా వైపు జరిపారు. ఆ వారమంతా తమ్ముణ్ణీ, నాయనమ్మనూ, పెరట్లో మునగచెట్టునూ కూడా ఆ మాటతోనే చూసుకున్నాను.

నెల తిరగకముందే అసలు పరీక్ష వచ్చింది. లోపల రికార్డింగ్ జరుగుతోంది, తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతోంది. అది వెలిగితే లోపలివాళ్లు బయటికి రాకూడదు, బయటివాళ్లు లోపలికి వెళ్లకూడదు, ఓనరైనా సరే. వసుంధర గారు లోపలే ఉన్నారు. అంతలో బొంబాయి నిర్మాత ఫోను. తన సినిమా తెలుగు డబ్బింగ్ ఎంతవరకు వచ్చిందో చెప్పే దిక్కు లేదని మండిపడుతున్నాడు. “హూ ఈజ్ లుకింగ్ ఆఫ్టర్ మై పిక్చర్?” అని అరిచాడు. ఫోన్ ఇటివ్వమని ఓనరు చెయ్యి చాచారు. ఇచ్చేయబోయాను. కానీ ఆ ప్రశ్నలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. మా బర్రె కళ్ల ముందు మెదిలింది.

“ఐ యామ్ లుకింగ్ ఆఫ్టర్ యువర్ పిక్చర్, సర్,” అన్నాను. ఎంత పని అయిందో, ఏది మిగిలిందో వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అవతలి గొంతు తగ్గింది. చివరికి థాంక్యూ కూడా అంది. ఓనరు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

బల్బు ఆరాక వసుంధర గారు బయటికొచ్చారు. ఓనరు జరిగింది చెబుతుంటే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. “మరి? కుర్చీ ఆ అమ్మాయిదేగా అండీ, తనే చూసుకుంటుంది,” అని నాకూ తనకూ టీ తెప్పించారు. కప్పు అందుకుంటుంటే ఆవిడ కళ్లు తడిగా కనిపించాయి. నాకంత గర్వం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు రెండు థియేటర్ల పని నా చేతి మీద నడుస్తోంది. కొత్తగా చేరే ఆడపిల్లలను ఇంగ్లీషు వచ్చా అని అడగను. ఇంట్లో ఏం చూసుకుంటావమ్మా అని అడుగుతాను. బొంబాయి నుంచి వచ్చిన పెద్దవాళ్లెవరైనా నా ఇంగ్లీషు మెచ్చుకుని ఎక్కడ చదివారంటే, తల ఎత్తుకుని నిజమే చెబుతాను: షేక్‌పేటలో, మా బర్రె దగ్గర, వసుంధర గారి టీ చల్లారకముందు.