గోనెసంచిలో సైలెన్సర్

నా బుల్లెట్ నాలుగు రోజులుగా మార్కాపురం రవాణా కార్యాలయం ఆవరణలో వేపచెట్టు కింద నిలబడి ఉంది. దాన్ని విడిపించుకు రావడానికి శుక్రవారం ఉదయం గిద్దలూరు నుంచి బయలుదేరాను. ఇలాంటి పని మీద ఈ దారిన పోవలసినవాళ్ళు ఇంకా ఉంటారు కనుక వివరంగా రాస్తున్నాను.

గిద్దలూరులో మాది ఇనుపసామాను దుకాణం. ఏడేళ్ల కిందట బండికి కంపెనీ సైలెన్సర్ తీయించి బజారుది బిగించుకున్నాను. సాయంత్రం దుకాణం కట్టేసి వస్తూ మా వీధి మలుపులో మూడో గేరు నుంచి రెండులోకి దింపితే ఆ శబ్దం చుట్టుపక్కల వీధులన్నిటికీ తెలుస్తుంది. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి నా భార్య రమ కంచం పెట్టి ఉంచుతుంది. ఇంటర్ చదివే మా అమ్మాయి గీత, దాని తమ్ముడు పుస్తకాల ముందు కూర్చుని ఉంటారు. టీవీ ఆగి ఉంటుంది. ఇంత క్రమశిక్షణ గల ఇల్లు మా వీధిలో ఇంకొకటి లేదు.

పోయిన సోమవారం మార్కాపురం పొలిమేరలో ఒక అధికారి బండి ఆపాడు. నా జేబులో గడువు తీరని పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. చూపించాను. ఆయన రెండువైపులా తిప్పి చూసి, "ఇది పొగకు సార్. సప్పుడు సంగతి వేరే," అన్నాడు. పొగకూ చప్పుడుకూ చట్టంలో సెక్షను ఒకటేనట, బంకు దగ్గర పరీక్ష మాత్రం పొగకేనట. శనివారంలోగా కంపెనీ ముద్ర ఉన్న సైలెన్సర్ బిగించి చూపించకపోతే రిజిస్ట్రేషన్ ఆపించడానికి రాస్తానని, అందాకా బండి కార్యాలయంలోనే ఉంటుందని అన్నాడు. జరిమానా కట్టేశాను, దానికి నాకు బాధ లేదు. ఇకమీదట నేను వస్తున్నట్టు ఇంట్లో ఎట్లా తెలుస్తుందన్నదే నా బాధ.

ప్యాసింజరు రైలు గిద్దలూరుకు ఆలస్యంగానే వచ్చింది. ఎండ పడని వైపు చూసుకుని కూర్చుంటే ప్రయాణం హాయిగానే ఉంటుంది. కంభంలో దిగవలసిన ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చుని నా పనంతా అడిగి తెలుసుకుంది. "మంచిదే గదా నాయనా, ఇంట్లోకి పిల్లి మాదిరి పోవచ్చు," అన్నది. ఇంటి యజమాని పిల్లిలా పోకూడదని ఆమెకు చెప్పాను. ఆమె ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టింది. 

తర్లుపాడు దాటాక వచ్చేది మార్కాపురం రోడ్డు స్టేషన్. ఊరు అక్కడ లేదు, షేర్ ఆటోలో పోవాలి. నా పక్కనున్నాయన ఊరు దగ్గరే అనుకుని నడిచిపోతానన్నాడు. ఆయన్ను సరిదిద్దాను. తప్పు కనబడితే సరిదిద్దకుండా ఉండలేను. ఇంట్లోనూ అంతే, భోజనం దగ్గర పిల్లలు ఏదైనా తప్పు మాట్లాడితే అక్కడికక్కడే ఆపి చెబుతాను. ఈ మధ్య వాళ్ళు తప్పులు మాట్లాడటం బాగా తగ్గింది. అసలు మాట్లాడటమే తగ్గింది.

బజారు సైలెన్సర్ బిగించింది మార్కాపురంలోని మెకానిక్ మస్తానే. విప్పిన కంపెనీదాన్ని ఏంచేశావని అడిగితే, పెద్దారవీడు అవతల లక్ష్మమ్మ అనే రైతు ఇంటి బుల్లెట్‌కు అమ్మానని చెప్పాడు. నాది పాత మోడలు, కొత్తది తెప్పించాలంటే వారాలు పడుతుంది. అందుకని మస్తాన్ ముందే ఆమెకు ఫోన్ చేసి పెట్టాడు. ఆమె ఇస్తానన్నది, కానీ డబ్బు వద్దు, దానికి బదులు అరిచే సైలెన్సర్ కావాలన్నది. ఎందుకో మస్తాన్‌కూ తెలియదు.

కార్యాలయం ఆవరణలో మస్తాన్ చేత సైలెన్సర్ విప్పించుకున్నాను. దాన్ని మళ్ళీ రోడ్డు మీద తిరిగే ఏ బండికీ పెట్టనని అధికారికి మాటిచ్చి గోనెసంచిలో కట్టుకున్నాను. ఈ పని మీద వెళ్ళేవాళ్ళు తెల్లచొక్కా వేసుకోవద్దు. లోపలి మసి గోనెలోంచి కూడా రాలుతుంది.

బస్సులో సంచి కాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాను. వెనకసీటులో ఇద్దరు అది నాదస్వరమా, తుపాకీనా అని వాదించుకుంటున్నారు. రెండూ కాదని తిరిగి చెప్పాను. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కాసేపు దాన్ని చూసి, చివరికి కొట్టకుండా పోయాడు.

లక్ష్మమ్మ పెద్దారవీడు అవతల రోడ్డు పక్కనే ఎదురొచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. భర్త పని మీద పొదిలి పోయినాడని చెప్పి నన్ను మొక్కజొన్న చేనులోకి తీసుకుపోయింది. చేను మధ్యలో రేకుల పందిరి, దాని కింద వాళ్ళ బుల్లెట్. చక్రాలు లేవు. నాలుగు రాళ్ళ మీద కూర్చోబెట్టారు. నల్లమల నుంచి దిగే అడవి పందుల కోసమట. చీకటి పడ్డాక కాపలా ఉన్నవాళ్ళు దాన్ని మాటిమాటికీ స్టార్ట్ చేసి ఆపుతారు. నా కంపెనీ సైలెన్సర్ చప్పుడుకు పందులు చెవి కూడా కదపడం మానేశాయట. కిందటి పంటలో సగం అవే తిన్నాయని, ఈసారీ పోతే బోరు కోసం చేసిన అప్పు తీరే దారి లేదని చెబుతూనే ఆమె నట్లు విప్పింది. నట్లు ఏ వరసలో బిగించాలో చెప్పబోయేసరికి బిగించడం కూడా అయిపోయింది.

తర్వాత చీర చెంగు దోపుకుని కిక్కు కొట్టింది. తుమ్మచెట్టు మీది చిలకలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఏడేళ్లుగా ఆ శబ్దాన్ని దాని మీద కూర్చునే విన్నాను. ఎదురుగా నిలబడి వినడం అదే మొదలు. నాకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాను.

ఆమె బండి ఆపి నవ్వింది. "పందులకు మనిషంటే బయం లేదన్నా. ఈ సప్పుడు ఇంటే సాలు, యాడివి ఆడ వదిలేసి పోతాయి. ఆగినాక మళ్ళీ వచ్చి ఆడుకుంటాయి."

మజ్జిగ ఇస్తూ, ఇంట్లో పిల్లలు ఇన్నాళ్లు దీన్ని ఎట్ల ఓర్చుకున్నారని అడిగింది. వాళ్ళు ఏనాడూ ఏమీ అనలేదని చెప్పాను. నిజమే, అనలేదు.

తిరుగు బస్సులో అదే కండక్టరు. ఇందాకటి సంచే గదా అన్నాడు. కాదు, ఇది వేరేదని సరిదిద్దాను. మార్కాపురంలో భోజనం చేసేసరికి మూడు దాటింది. భోజనం బాగుంది, పప్పు రెండోసారి కూడా వేశారు. మస్తాన్ సైలెన్సర్ బిగించాక అధికారి అనుమతితో బండిని పెట్రోలు బంకుకు తీసుకుపోయి మళ్ళీ పొగ పరీక్ష చేయించాను. అక్కడి మనిషి సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, నంబరు ప్లేటు ఫొటో తీసి, కాగితం ఇచ్చాడు. అధికారి కంపెనీ ముద్ర మీద వేలు పెట్టి చూసి తాళంచెవి ఇచ్చాడు. అయిదింటికల్లా బండి నాది.

కంభం మీదుగా వస్తుంటే కొత్త కొత్త చప్పుళ్ళు వినబడ్డాయి. మేకల మెడల్లో గంటలు, పొలాల్లో మోటార్లు, నా సొంత చైను. ఆ చైనుకు నూనె లేదని ఏడేళ్లలో మొదటిసారి తెలిసింది. అయినా దిగులుగానే ఉంది. దారి పొడవునా ఆలోచించి, ఇకమీదట మలుపు దగ్గర హారన్ కొడదామని నిర్ణయించుకున్నాను.

మలుపు వచ్చింది. రెండో గేరులోకి దింపాను. హారన్ మరిచిపోయాను.

మా వీధిలో ఎవరూ తల తిప్పలేదు. బండి స్టాండు వేసి మెట్టు దగ్గరికి వచ్చేసరికి లోపల టీవీ గట్టిగా మోగుతోంది. దాన్ని మించి గీత గొంతు. నోటితో నా పాత సైలెన్సర్ శబ్దం చేస్తోంది. దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి తెచ్చింది. దాని తమ్ముడు "నాయనొచ్చినాడు, నాయనొచ్చినాడు" అంటూ గదంతా పరుగెత్తి పుస్తకం తలకిందులుగా పట్టుకోవడం కిటికీలోంచి కనబడింది. తర్వాత గీత నా గొంతు పెట్టి, "ఫ్యాను ఎవరికోసం తిరుగుతోంది?" అన్నది. రమ నవ్వుతోంది. పడి పడి నవ్వుతోంది. నా భార్య అట్లా నవ్వగలదని నాకు తెలియదు. నాకు చాలా కష్టంగా అనిపించింది.

తలుపు తోశాను. అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. టీవీ, నవ్వు, అబ్బాయి పరుగు. రమ వంటింట్లోకి పోబోయింది.

కంచం తర్వాత పెట్టొచ్చులే, కూర్చోమన్నాను. గీతను ఆ శబ్దం ఇంకోసారి చెయ్యమన్నాను. తిడతాననుకుని కాళ్ళవంక చూస్తూ నిలబడింది. బండికి ఆ శబ్దం ఇక లేదని, నాకూ వినాలని ఉందని చెప్పి చాలాసేపు బతిమాలాను. చివరికి వాళ్ళమ్మ వెనక నిలబడి, సన్నగా మొదలుపెట్టి చేసింది.

మలుపు దగ్గర నేను మూడో గేరు నుంచి రెండులోకి దింపుతాను. గీత దింపకుండానే తిప్పేసింది. నేను సరిదిద్దలేదు.