విత్తనాల గొడౌన్‌లో బేస్ గిటార్

మొన్నామధ్య పుదుచ్చేరిలో ఒక హాల్లో సాయంత్రం కచేరీ కోసం మధ్యాహ్నమే వెళ్లి సౌండ్ సరిచూసుకుంటున్నాం. మిక్సర్ దగ్గర కూర్చున్నాయన మైకులో, "మేడమ్, మీరు డ్రమ్స్‌ను ఆనుకుని నిలబడితే జనానికి కనపడరు, ముందుకు రండి" అన్నాడు. అలాగేనని తలూపి, ఉన్నచోటే నిలబడి, చెప్పులు విప్పి పక్కన పెట్టాను. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావుపాటి తీగను ఒక్కసారి మీటాను. స్టేజి పలకల్లోంచి ఆ వణుకు అరికాళ్లలోకి పాకి మోకాళ్ల దాకా వచ్చింది. దాని వెనకే గోనెసంచుల వాసన. ఆ హాల్లో కొత్త పెయింటు వాసన తప్ప ఇంకేం లేదు, గోనెసంచి అన్నదే లేదు. ఐనా నాకు వచ్చింది. ఆ వాసన వచ్చిందంటే దామోదరన్ అన్న గుర్తొచ్చాడని అర్థం.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. ఆయన ఫొటో ఏ పత్రికలోనూ పడలేదు, ఆయన వాయించిన రికార్డు ఒక్కటీ లేదు. పుదుచ్చేరి మురుంగపాక్కంలో విత్తనాలు అమ్ముకునే మనిషి. ఎన్నో తరాల కిందట తెలుగునేల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ ఆయనకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. పొట్టిగా, బొద్దుగా ఉండేవాడు. నుదుట విభూతి, మోకాలిపైకి మడిచి కట్టిన లుంగీ. ఇతను రాక్ బ్యాండులో డ్రమ్మరని చెబితే ఎవరైనా నవ్వుతారు. మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను. వయసులో ఉన్నప్పుడు, మూతపడిన హోటల్లో సామాన్లు అమ్ముతున్నారంటే కొట్టుకి బీరువా కొందామని వెళ్లి, డ్రమ్స్ సెట్టు ఎత్తుకొచ్చాడట. ఆయన భార్య కమల వదిన ఈ కథ ఎవరికి చెప్పినా చివర్లో, "ఇన్నేండ్లయినా బీరువా రాలా చూడు" అనేది.

మేము యానాం నుంచి వచ్చినవాళ్లం. నాన్నకి పుదుచ్చేరి ప్రభుత్వాఫీసుకి బదిలీ అయితే కదిర్కామంలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. నేను డిగ్రీలో చేరాను. పెరట్లో జానెడు ఖాళీ నేల కనపడేసరికి అమ్మకి గోంగూర మీద బెంగ మొదలైంది. మురుంగపాక్కంలో తెలుగు మాట్లాడే విత్తనాల షావుకారు ఉన్నాడని ఎవరో చెబితే నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. కొట్టులో ఎవరూ లేరు. వెనక గొడౌన్‌లోంచి డ్రమ్స్ మోత వస్తోంది. నేను గబగబా వెళ్లి గడప దాటబోయాను. మోత ఆగిపోయింది.

"చెప్పులు యాడికి పాపా? విత్తనం ఉండే చోటు ఇది. బయట విడిచి రా."

"సారీ అండి, చూడలేదండి."

"ఇన్ని అండీలా! గోదావరి పక్కం మనిషివా?" అని నవ్వాడు. ఈలోగా అమ్మ వచ్చి గోంగూర గింజలు అడగడం మాని, "మా వసంత కూడా గిటార్ వాయిస్తుందండి, చదువు తప్ప అన్నీ చేస్తుంది" అంది. అది పొగడ్తో ఫిర్యాదో నాకు ఈనాటికీ తెలియదు.

"గిటారోళ్లు మాకు ఉండారు. లావు తీగలది వాయించేవాళ్లే లేరు. వస్తావా?" అన్నాడు నాతో.

"బేస్ గిటారా? అది ఎవరికీ వినపడదు కదండీ."

"వినపడక్కర్లేదు అమ్మణ్ణీ. తెలిస్తే చాలు."

సరుకు అమ్ముడుపోవాలంటే షావుకార్లు ఇలాంటి మాటలు చాలా చెబుతారని అనుకున్నాను. మొత్తానికి అమ్మ గోంగూర గింజలతోనూ నేను బ్యాండుతోనూ ఇంటికి వచ్చాం. నాన్న రెండింటినీ ఒకేలా అనుమానంగా చూశారు.

బ్యాండులో మేము నలుగురం. పాడేది ఆల్బర్ట్. మంచి గొంతు, దానికి రెట్టింపు షోకు. గిటార్ సెల్వం, సోలై నగర్‌లో చేపలు పట్టే కుటుంబం వాడు. వేళ్లు మాట్లాడినంత బాగా నోరు మాట్లాడేది కాదు. డ్రమ్స్ అన్న, బేస్ నేను. ఆల్బర్ట్ ప్రతి ప్రోగ్రాముకీ బ్యాండు పేరు మార్చేవాడు కాబట్టి మా పేరేమిటో మాకే సరిగ్గా తెలియదు. ఆదివారాలు గొడౌన్‌లో ప్రాక్టీసు. నేల చెమ్మ విత్తనానికి తగలకుండా అంతటా చెక్కపలకలు పరిచి ఉండేవి. వాటి మీదే వరి బస్తాలు, వాటి మీదే మేమూ. విత్తనం లక్ష్మి కాబట్టి ఎంత పెద్ద రాక్ స్టారైనా చెప్పులు గడప బయటే. బూట్లు లేకుండా ఈ సంగీతం వాయించే బ్యాండు లోకంలో మాదొక్కటేనని ఆల్బర్ట్ ప్రతి వారం ఏడ్చేవాడు.

అన్నకి ఇంకో పద్ధతి ఉండేది. ముందు మేమిద్దరమే వాయించాలి. మిగతా ఇద్దరూ బస్తాలెక్కి కూర్చోవాలి. నా బేస్ స్పీకర్ పెట్టె ఆయన స్టూలుకి సరిగ్గా వెనక ఉండాలి, నేను చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో నిలబడాలి. కళ్లు మూసుకుని, మడమలు పలకకి ఆనించి, నేను మీటే ఒక్క తీగ మీదే ఎంతోసేపు లయ పట్టేవాడు. నాకు అప్పట్లో వేళ్లు దురదగా ఉండేవి. మధ్యలో నాలుగు గమకాలు వేస్తే కర్రలు దించేసేవాడు. "పరుగు ఎందుకు? యాడికి పోవాల? సుమ్మా, ఊరికే నిలబడి వాయించు" అనేవాడు. రైతులు విత్తనానికి వస్తే పాట సగంలో ఉన్నా లేచి వెళ్లి అమ్మి వచ్చేవాడు. ఒకసారి ఒక ముసలి రైతు తలగుడ్డ సర్దుకుంటూ లోపలికొచ్చి కాసేపు విని, ఈ అమ్మాయిది పంపుసెట్టు చప్పుడులా ఉందని తమిళంలో అన్నాడు. నా ముఖం మాడిపోయింది. అన్న మాత్రం నాకేదో బిరుదు ఇచ్చినంత సంబరపడ్డాడు. "పంపుసెట్టు నిలిచిపోతే పైరు ఏమవుతుంది? దానికన్న పొగడ్త ఏంది?" అన్నాడు.

ఆ ఇంట్లో ఒక ఆచారం నాకు వింతగా ఉండేది. వదిన టీ తెచ్చినప్పుడు ఆయన్ని పిలిచేది కాదు. గొడౌన్ గడప దగ్గర నిలబడి, పలక మీద కాలితో రెండుసార్లు తట్టేది. అటు తిరిగి కూర్చున్నా సరే ఆయన వెంటనే వెనక్కి చూసేవాడు. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదని ఇలా చేస్తోంది కాబోలు అనుకుని, యానాం వెళ్లినప్పుడు మా అత్తయ్యలకి కూడా చెప్పి నవ్వించాను.

బీచ్ రోడ్డులో స్టేజి కట్టి ఊళ్లోని కుర్ర బ్యాండ్లన్నిటికీ అవకాశమిచ్చారు ఒక ఏడాది. ఆల్బర్ట్ కల నెరవేరింది. ఆదివారం బజారుకి వెళ్లి నలుగురికీ నల్లటి బూట్లు తెచ్చాడు. పొడుగ్గా, పిక్కల దాకా లేసులున్నవి. "ఇక్కడ వడ్లూ లేవు, లక్ష్మీ లేదు. ఇవాళైనా మనుషుల్లా కనపడదాం" అన్నాడు. అన్న ఏదో అనబోయి, అతని ఉత్సాహం చూసి ఊరుకున్నాడు. లుంగీ బదులు ప్యాంటు, కింద ఆ బూట్లు వేసుకుని ఆయన స్టేజెక్కుతుంటే వదిన చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. స్టేజి మీద మెత్తటి ఎర్ర తివాచీ పరిచారు. నా స్పీకర్ పెట్టెని నిర్వాహకులు అవతలి మూలన పెట్టారు.

మొదటి పాట సగానికి రాకముందే లయ కుంటడం మొదలుపెట్టింది. అన్న ఒకచోట, మేము ఒకచోట. ఆల్బర్ట్ కళ్లెర్రజేసి మాకేసి చూసి, తర్వాత సౌండువాళ్లకేసి చెయ్యి ఊపాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నేను అన్న ముఖం చూశాను. ఆయన మాకేసి చూడటం లేదు. తన బూట్లకేసి చూస్తున్నాడు. అంత పెద్దమనిషి ముఖంలో తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడి భయం. పాట ఎలాగో ముగిసింది. పరిగెత్తి వెళ్లి ఏమైందన్నా అని అడిగాను. ఆయన నా పెదాలు చూసి జవాబిచ్చాడు.

"కాళ్లకి ఏమీ తెలియడంలా అమ్మణ్ణీ."

గడప దగ్గర వదిన పాదం నాకు అప్పుడు గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని పలకకి ఆనించిన మడమలు గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ ఆయన నా బేస్‌ని చెవితో వినలేదని ఆ క్షణంలో తెలిసింది. ఇంకేం ఆలోచించలేదు. కింద కూర్చుని ఆయన బూట్ల లేసులు పీకడం మొదలుపెట్టాను. అవి ఊడి చస్తేనా! సెల్వం ఒక్క మాటైనా అడగకుండా వచ్చి రెండో బూటు పట్టుకున్నాడు. తివాచీని మడిచి పక్కకి తోశాం, స్పీకర్ పెట్టెని ఈడ్చుకొచ్చి స్టూలు వెనక పెట్టాం. నా బూట్లు కూడా విప్పేశాను. జనం ఇదంతా ప్రదర్శనలో భాగమనుకుని ఈలలు వేశారు. రెండో పాట మా గొడౌన్‌లో వాయించినంత బాగా వాయించాం. మరుసటి ప్రోగ్రాము నుంచి చెప్పుల్లేకపోవడమే మా స్టైల్ అని, అది తన ఆలోచనేనని ఆల్బర్ట్ అందరికీ చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూర్చుని అన్న నాకు చెప్పాడు. "మా నాయనకి యాభై దాటేసరికి చెవులు పూర్తిగా పోయినాయి. ఆయన నాయనకీ అంతే. నాకు కొంజెం ముందే మొదలైంది. ఎడమది ఎప్పుడో పోయింది, కుడిది పోతా ఉంది."

"డ్రమ్స్ మానేస్తే తగ్గుతుందేమో అన్నా."

"కొట్టినా పోతుంది, మానినా పోతుంది అన్నాడు డాక్టరు. పోయేదాకా కొడతా." అని నవ్వాడు. "చెవిటోడి ముందర శంఖం ఊదినట్టు అంటారే. ఆ చెవిటోడు శంఖం మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోదా? ఆ మాట పుట్టించినోడికి అది తోచలా."

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆల్బర్ట్‌కీ సెల్వానికీ చెప్పొద్దన్నాడు, జాలిపడి మెల్లగా వాయిస్తారట. చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను బేస్ వాయించే తీరే మారిపోయింది. నా తీగ ఒక్క రవ్వ తొణికినా ఆ మనిషి చీకట్లో కాలు వేసినట్టే. వేళ్ల దురద దానంతటదే పోయింది. పాటకి నేల నేనేనని అర్థమైంది. దాన్ని బరువనుకోలేదు, గర్వంగా ఉండేది. తర్వాత నాలుగైదేళ్లు ఊళ్లో మమ్మల్ని పిలవని కాలేజీ లేదు.

అప్పుడు చెన్నై నుంచి ఒక పెద్ద బ్యాండువాళ్లు నన్ను అడిగారు. దేశమంతా తిరుగుతారు, అదే వృత్తి. నేను రానన్నాను. కోపం రాలేదా అంటే వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. అన్నకి మాత్రం చెప్పలేదు. ఎప్పుడూ నోరు విప్పని సెల్వం ఆ ఒక్కసారీ అన్న దగ్గర విప్పాడు. తర్వాతి ఆదివారం వెళ్లేసరికి డ్రమ్స్ మీద గోనెసంచులు కప్పి ఉన్నాయి. అన్న పలకల మీద కూర్చుని గింజల్లో రాళ్లు ఏరుతున్నాడు.

"ఇంక చాలు అమ్మణ్ణీ" అన్నాడు తలెత్తకుండా. "కాళ్లకి కూడా తెలియడం నిలిచిపోయింది. పోయిన వారం నువ్వు వాయించింది ఒక్కటీ తెలియలా. నువ్వు చెన్నైకి పో."

నేను నమ్మేశాను. తీయబోయిన గిటార్‌ని మళ్లీ సంచిలో పెట్టేశాను. అప్పుడే వదిన టీ తెచ్చింది. ఆమెకి ఈ గొడవేమీ తెలియదు. ఎప్పటిలాగే గడప దగ్గర నిలబడి పలక మీద కాలితో రెండుసార్లు, మెల్లగా తట్టింది.

అన్న వెనక్కి తిరిగాడు.

తిరిగి, చేసిన పని తెలిసి, నాకేసి చూశాడు. నేనూ చూశాను. ఆయన కళ్లు నిండి ఉన్నాయి. చేతులు మాత్రం మళ్లీ గింజల్లోకి వెళ్లిపోయాయి. "టీ తాగి పో, ఆరిపోతుంది" అన్నాడు. తాగాను. అంత తియ్యటి టీ, అంత కష్టంగా దిగిన టీ మళ్లీ తాగలేదు. ఆ వారమే చెన్నై వెళ్లాను.

పోయిన ఏడాది, నిద్రలోనే పోయాడాయన. ఎన్నో బ్యాండ్లతో, ఎన్నో ఊళ్లలో వాయించాను. ఎక్కడైనా నా చోటు డ్రమ్మర్ పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఒట్టి కాళ్లతో. అది నా స్టైల్ అనుకుంటారు. అనుకోనిస్తాను, ఆల్బర్ట్ నేర్పిన విద్య.

మొన్న ఆ హాల్లో కూడా మిక్సర్ దగ్గరాయన మళ్లీ మైకు అందుకున్నాడు, "మేడమ్, ప్లీజ్, ముందుకు". మా డ్రమ్మర్ బాదుతున్నాడు, గిటార్లు రెండూ గోల పెడుతున్నాయి, పక్కవాడు అరిచినా వినపడేలా లేదు. నేను కళ్లు మూసుకుని వాయిస్తున్నాను. నా మడమల కింద పలక కదిలింది. నా తీగది కాదు, డ్రమ్స్‌ది కాదు. మెల్లగా, రెండుసార్లు.

వెనక్కి తిరిగాను. మెట్లెక్కి స్టేజి అంచున కమల వదిన నిలబడి ఉంది, చేతిలో టీ ఫ్లాస్కు. చెప్పులు కింది మెట్టు దగ్గర విడిచి వచ్చింది.