చెల్లెలు అప్పగించిన మొక్క

మా చిన్న చెల్లెలు పోయింది. కర్నూలు ఆసుపత్రి నుంచి మరిది ఫోన్ చేసేసరికి నేను వనపర్తిలో మా ఇంట్లో హారతి కళ్లకద్దుకుంటున్నాను. "వదినా, అయిపోయింది" అన్నాడు. ఏమైపోయిందని అడిగాను. అర్థంకాక కాదు, ఇంకేం అడగాలో తోచక.

నలుగురిలో నేను పెద్ద, ఆమె ఆఖరుది. నాకంటే పదహారేళ్లు చిన్న. నా చంకలో పెరిగింది. గద్వాలలో జాకెట్లు కుట్టేది. కుట్టుమిషను పక్కన కుండీలో వెడల్పాటి ఆకుల మొక్క ఒకటి ఉండేది. ఆకు నిండా చిల్లులు. మా పుట్టిల్లు వడ్డేపల్లి దగ్గర, పత్తి పండించే ఇల్లు. మొదటిసారి చూసి పురుగు పట్టిందనుకున్నాను.

"ఏందే ఇది, పురుగు గింత తిన్నది! మందు కొట్టకపోతివి?"

ఆమె పళ్ల మధ్య దారం పట్టుకునే నవ్వింది. "ఓ యక్కా, ఇది పత్తిచేను గాదు. దీని ఆకే గట్ల. నర్సరీ ఆయన చెప్పిండు, వానలెక్కువ పడే అడవుల్ల, చెట్ల నీడకు పెరుగుతదట."

"మరి మన నడిగడ్డ ఎండలకు ఎందుకొచ్చిందే?"

"నా లెక్కనే. నీడపట్టున కూసుంటది."

ఆమె దాన్ని చూసుకునే తీరు కూడా నాకు వింతగానే ఉండేది. ఎండ నేరుగా తగలనిచ్చేది కాదు, చీకట్లో ఉంచేదీ కాదు. లైనింగు గుడ్డ ముక్క తడిపి, పసిపిల్ల ముఖం తుడిచినట్టు ఆకుల దుమ్ము తుడిచేది. నీళ్లు మాత్రం రోజూ పోసేది కాదు. "ఆకులు జర వాలినంక పోద్దాం. అడగకముందే పెడితే దానికి అరగదక్కా" అనేది. నాకది అన్యాయంగా తోచేది. అడగకముందే పెట్టడమే కదా నా వెనక పుట్టినవాళ్లందరికీ నేను చేసింది.

ఆసుపత్రిలో చేరే ముందు మొక్కను నాకు అప్పగించింది. "పది రోజులకోసారి అక్కా. మట్టిల వేలు పెట్టి చూసి పొయ్యి" అంది. సరేనన్నాను.

ఆమె పేరు మీద శివుడికి రోజూ అభిషేకం మొదలుపెట్టాను. పాలు, పెరుగు, తేనె కలిసిన ఆ నీళ్లు ఎవరూ తొక్కని చోట పోయాలి. మాది మూడో అంతస్తు. తులసి కుండీ చిన్నది, పొర్లిపోతుంది. ఇంట్లో పెద్ద కుండీ ఇదొక్కటే. అందులోనే పోశాను. దేవుడి నీళ్లు కీడు చేస్తాయని నాకు తోచలేదు. ఆకులు పసుపు తిరిగి వాలాయి. వాలితే పోయమంది కదా అని ఇంకాస్త పోశాను. మొక్క మొదలు దగ్గర పుల్లటి వాసన పుట్టింది.

ఒకరోజు ఆమె ఫోన్ చేసింది. "మొక్క ఎట్లున్నదక్కా?"

"మంచిగున్నది."

"ఫోటో పెట్టు."

మొక్కను మా ఇంటికి తెచ్చిన రోజు తీసిన ఫోటో పంపాను. ఆమెతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

కాసేపటికి మళ్లీ ఫోన్. "అక్కా, ఫోటోల గోడ మీది క్యాలెండరు పోయిన నెలది."

నా పూజల సంగతి ఆమెకు తెలియనిది కాదు.

"పూజ నీళ్లు పోస్తున్నవా?"

"ఔ."

"నా కోసం మొక్కుకున్నవా?"

"ఔనే."

ఆమె అంది: "పొయ్యక్కా. అట్లనే పొయ్యి."

మూడో రోజు పోయింది.

ఎందుకలా అంది? అలా పోస్తే మొక్క బతకదని ఆమెకు తెలుసు. నా మీద జాలా? అభిషేకం ఆపొద్దనా? మొక్క మీద ఆశ వదులుకుందా, లేక తన మీదనా? చదివే మీలో ఎవరికైనా అర్థమవుతుందేమో, నాకు కాలేదు. దేవుడిని అడుగుతూనే ఉన్నాను. ఒకటి మాత్రం నిజం, ఆ చివరి ఫోనులో ఆమె నన్ను తప్పుపట్టలేదు. అందుకు రోజూ దండం పెట్టుకుంటున్నాను.

మరిది ఆదివారం వస్తానన్నాడు. "మొక్క నేను తీసుకపోత వదినా. ఆమె మిషను కాడ పెట్టుకుంట" అన్నాడు. మిగిలింది ఒక్క ఆకు. జరిగింది జరిగినట్టు అతనికి చెప్తాను. ఆ ఒక్క ఆకును ఆదివారం దాకా ఎలా నిలపాలో మాత్రం తెలియడం లేదు. పది రోజులకోసారన్నదీ ఆమే. అట్లనే పొయ్యమన్నదీ ఆమే.

ఈ ఉదయం కూడా అభిషేకం చేశాను. ఎవరి పేరు మీద చేయాలో తెలియక ఆమె పేరే చెప్పాను. నీళ్ల చెంబుతో కుండీ దాకా వచ్చాను. పోయలేక, కిటికీ గట్టు మీద పెట్టాను. చెంబులో ఎండ పడింది. నీళ్ల మీది వెలుతురు గోడకు పాకి, అక్కడ కాసేపు వణికి, మెల్లగా ఆ ఆకు మీదికి దిగింది.