నా ఎముకలకు వద్దన్న అంబలి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నేను రీజనింగ్ చెబుతాను. పరీక్షలో ఒక వాక్యం ఇస్తారు, దాని కింద రెండు నిర్ణయాలు ఇస్తారు, వాటిలో ఏది సరైనదో తేల్చాలి. పిల్లలు ఇందులో తప్పు చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ‘అక్కడున్నది చూడండి, మీకు తోచింది రాయకండి’ అని అరుస్తాను. అంత అరిచే నాకు నా ఎముకల సంగతి మాత్రం ఇప్పటికీ సరిగా బుర్రకెక్కలేదు.

కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసి కొన్నేళ్లయింది. డయాలసిస్ దాకా పోలేదు. మందులు వేసుకోవడం, కూరల్లో ఉప్పు తగ్గించడం, ఎల్బీనగర్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లి రావడం అలవాటైపోయాయి. ఆ తర్వాత తుంటి, మోకాళ్లు పట్టుకున్నాయి. క్లాసులో గంటసేపు నిలబడితే ఎముకను ఎవరో లోపల్నుంచి మెలిపెడుతున్నట్టు ఉండేది. దానికి తోడు ఒళ్లంతా దురద. కిడ్నీలెక్కడ, మోకాళ్లెక్కడ అనుకుని డాక్టరుకు చెప్పనేలేదు. వయసు మీద పడుతోంది, అంతే అనుకున్నాను.

అది కనిపెట్టింది మా అత్తయ్యగారు. ఆవిడ పెద్ద అంబర్‌పేట్ దాటాక ఒక ఊళ్లో మా బావగారి దగ్గర ఉంటారు. ఏదో పనిమీద మా ఇంటికి వచ్చిన రోజు, నేను గోడ పట్టుకుని లేవడం చూసి, ‘గిదేంది, ముసల్దాన్ని నేనా నువ్వా?’ అన్నారు. ఎముకలు నొప్పులండీ అని చెప్పాల్సి వచ్చింది.

పెళ్లప్పుడు ఆవిడకు నేను నచ్చలేదు. మాది కోస్తా. ‘ఆంధ్రోళ్ల పిల్ల’ అని నా ముందే అనేవారు. ఆ తర్వాత కూడా మేమిద్దరం పోట్లాడుకున్నదీ లేదు, కలిసిపోయిందీ లేదు. పండక్కి వెళితే ‘తిన్నవా?’ అని అడిగేవారు, ‘తిన్నానండీ’ అనేదాన్ని. ఇరవై ఏళ్ల పైచిలుకు కాపురంలో ఆవిడతో నేను మాట్లాడింది మొత్తం కలిపితే ఆ రెండు ముక్కలే అనిపిస్తుంది.

మరుసటి ఆదివారం పొద్దున్నే బెల్లు మోగింది. చూస్తే అత్తయ్యగారు, చేతిలో మూతబెట్టిన స్టీలు క్యాను. ఎల్బీనగర్ దాకా బస్సులో, అక్కణ్నుంచి షేర్ ఆటోలో వచ్చి, లిఫ్టు లేని మా మూడో అంతస్తుకు ఆయాసపడుతూ ఎక్కారు. క్యానులో తైదంబలి. మా వైపు రాగి జావ అంటాం. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి తెచ్చారు.

‘తాగు. బొక్కలు ఇనుమోలె అయితయి,’ అన్నారు, నా మోకాలి ఎముక మీద తట్టి. నేను గ్లాసు ఖాళీ చేసేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అంబలి, అప్పుడప్పుడు దాంతోపాటు మేక కాళ్ల పాయా. రాగి జావంటే నాకు చిన్నప్పట్నుంచీ పడదు. అయినా తాగాను. ఎందుకంటే తాగుతున్నంతసేపూ ఆవిడ నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవారు. బావగారి మీద చాడీలు, మా ఆయన చిన్నప్పటి వెధవ పనులు. ఒకసారి నవ్వాపుకోలేక నా మీద చెయ్యి వేశారు కూడా. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అత్తగారి ప్రేమ ఇంత ఆలస్యంగా, అదీ జావ రూపంలో దొరుకుతుందని ఎవరనుకుంటారు?

అయితే నొప్పులు తగ్గలేదు. దురదకు నిద్ర కూడా కరువయ్యాక డాక్టరుకు చెప్పాను. ఆయన రక్త పరీక్షలు చేయించి, పనిలో పనిగా మెడకు స్కానింగ్ రాశారు. మోకాలు నొప్పంటే మెడ ఎందుకు చూస్తారో నాకు అర్థం కాలేదు. రిపోర్టులు చూశాక, ఎముకలు బలహీనపడ్డాయని చెప్పి, ఏమేం తింటున్నారని అడిగారు. నేను గొప్పగా చెప్పాను, అంబలి, పాయా, పడుకునే ముందు గ్లాసుడు పాలు అని.

‘ఇప్పటికి అంబలి, పాయా ఆపేయండి. పాలు కాఫీలోకి మాత్రమే,’ అన్నారాయన.

‘ఎముకలు బలహీనంగా ఉన్నాయన్నారు కదండీ?’

‘అందుకే ఆపమంటున్నాను. వాటిలో ఫాస్ఫరస్ ఉంటుంది. మీ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతున్నాయి. అది రక్తంలో పేరుకుంటే మెడలో ఉండే చిన్న గ్రంథులు రెచ్చిపోయి, ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తాయి. ముఖ్యంగా పడిపోకుండా చూసుకోండి. మెట్ల మీద జాగ్రత్త. చిన్న దెబ్బకే ఎముక విరగొచ్చు.’

ఒక మాత్ర కూడా రాసిచ్చారు. అది భోజనానికి ముందూ కాదు, తర్వాతా కాదు, అన్నం తింటుండగానే వేసుకోవాలట. ఎముకకు బలమిచ్చే మాత్ర కాదట, అన్నంలో ఉన్న ఫాస్ఫరస్‌ను ఒంటికి పట్టకుండా ఆపే మాత్రట. తల ఊపాను. బయటికొచ్చాక చూస్తే ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. ఎముకలు బలహీనపడ్డాయి, కాబట్టి పాలు తాగాలి. నా క్లాసులో ఏ పిల్లాడైనా ఇదే సరైన నిర్ణయమని గుర్తు పెడతాడు, నేనూ మార్కు వేస్తాను. మరి ఎవరు తప్పు? వాక్యమా, నిర్ణయమా, నేనా?

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. అంబలి వద్దని అత్తయ్యగారితో ఎలా చెప్పాలి? ఆవిడ నా దగ్గరికి వస్తున్నదే ఆ క్యాను పట్టుకుని. అంబలి ఆగితే ఆవిడ రావడం కూడా ఆగిపోతుందని నాకు భయం పట్టుకుంది. నెమ్మదిగా నేనే చెబుతానులే అని మా ఆయనతో అన్నాను.

‘గిండ్ల చెప్పనీకి ఏముంది?’ అంటూ ఆయన అక్కడికక్కడే ఫోన్ కొట్టారు. ‘అమ్మా, ఇగ అంబలి తేకు. దాంతోనే రోగం ఎక్కువైతదంట.’

‘అత్తయ్యగారు ఏమన్నారు?’ అని అడిగాను.

‘ఏమనలే. ఫోన్ పెట్టేసింది.’

ఆ రోజు మా ఆయనతో పోట్లాడినట్టు జన్మలో పోట్లాడలేదు. తల్లి చేత్తో చేసినదాన్ని పట్టుకుని రోగం ఎక్కువైతదంట అని ఎవరైనా అంటారా? ఆదివారం వచ్చింది, ఆవిడ రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. పొద్దున్నే బెల్లు మోగుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. నాకు పడని జావ కోసం నేనెందుకు ఇంత బెంగపడుతున్నానో అంతుబట్టేది కాదు. నొప్పులు ఎముకల్లోవో మనసులోవో కూడా తెలియకుండా పోయింది.

మళ్లీ రక్తపరీక్షకు వెళ్లాల్సిన రోజు వచ్చింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. డాక్టరు మెట్ల గురించి చెప్పిన దగ్గర్నుంచి ఒంటరిగా దిగాలంటే భయం. సంచీ భుజాన వేసుకుని, వెళ్లనా మాననా అని తలుపు దగ్గరే తచ్చాడుతున్నాను. బెల్లు మోగింది.

అత్తయ్యగారు. గడప బయటే నిలబడిపోయారు, లోపలికి రావడం లేదు.

‘ఒట్టి చేతులతోని ఒచ్చిన,’ అన్నారు, తప్పు చేసినట్టు.

‘లోపలికి రండి అత్తయ్యగారూ.’

‘రెండు ఆదివారాలు అంబలి చేసిన. క్యాన్ల పోసుకొని బస్సు కాడికి పోయినంక యాదికొచ్చింది, నీకు పడదని. వాపస్ పోయిన. నీకేది పడ్తదో నేనెవర్ని అడగాలె? ఒట్టి చేతులతోని బిడ్డ ఇంటికి ఎట్ల ఒస్తరు?’

బిడ్డ అన్నారు. అలా అన్నారని ఆవిడకు తెలిసినట్టు కూడా లేదు.

‘బొక్కలకు బలమిచ్చేదే బొక్కలను తింటదా? గిదేం రోగమే? నాకైతే సమజ్ అయితలేదు,’ అన్నారు.

‘నాకూ కాలేదండీ,’ అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ క్షణంలో ఆవిడకంటే నాకు దగ్గరివాళ్లు లేరనిపించింది.

‘సరే తియ్. దవాఖానకు నేనొస్త. నీ మొగడు ఫోన్ల చెప్పిండు, ఇయ్యాల రక్తం తీస్తరంట గదా. చెయ్యియ్యి.’

ఆవిడ నాకంటే ఒక మెట్టు కింద నిలబడి చెయ్యి చాచారు. డెబ్భై దాటిన మనిషి. ఆ చెయ్యి గట్టిగా, గరుకుగా ఉంది. అది పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగాను. ‘మెల్లగ, మెల్లగ,’ అంటూనే ఉన్నారు. ఇన్నాళ్లూ ఆ చేతిలో క్యాను ఉండేది.