తిరగేసిన సంచి

అడవులదీవి మస్తానమ్మకు ఒకచోట కూర్చునే అలవాటు లేదు. ముప్పై ఏళ్లుగా చేపలకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి తెనాలి పంపుతోంది. భర్త లక్ష్మయ్య వేటకు వెళ్తాడు. వేట లేని రోజుల్లో కౌలు ఎకరంలో వరి చూసుకుంటాడు. ఆ పొలానికి తెచ్చిన యూరియా సంచులు ఖాళీ అయ్యాక పారేయరు. కాలవలో ఉతికి, అచ్చు కనబడకుండా లోపలివైపు బయటికి తిరగేసి, ఉప్పు పోసుకుంటారు.

ముసురు పట్టిన వారంలో ఒక ఉదయం, తడి చేత్తో ఉప్పు సంచిలోంచి గుప్పెడు తీసింది. అరచెయ్యి జిల్లుమంది. తడి తగిలితే అలా చల్లబడేది యూరియా, ఉప్పు కాదు.

"ఏమయ్యా, దీంట్లో ఏం పోశావు?"

"మిగిలిన యూరియా. దాని సంచి చిరిగితే దీంట్లో పోశా."

"ఉప్పు పక్కనే పెట్టావా?"

"ఇంకెక్కడ పెట్టను, నీ నెత్తినా?"

ఆమె కోడలు జ్యోతిలక్ష్మిని పిలిచింది. కిందటివారం చేపలకు ఉప్పు పట్టించింది కోడలే.

"ఏ సంచిలోంచి తీశావే?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదత్తా. చివర్లో చాలకపోతే ఇంకో గిన్నె తీశా. ఏ దాంట్లోంచో గుర్తులేదు."

ఆ చేపల గంప అప్పటికే తెల్లవారుజామున తెనాలి వెళ్లిపోయింది. అక్కడ అమ్మే మాణిక్యమ్మకు ఫోన్ చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు. మస్తానమ్మ ఆటోలో రేపల్లె వెళ్లి రైలెక్కింది. సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడింది. ప్రతి స్టేషన్లో మళ్లీ ఫోన్ చేసింది.

తెనాలిలో కొట్టు దగ్గర విషయం విని మాణిక్యమ్మ నవ్వింది. "ఇంత కంగారేంటి వదినా? వేడినీళ్లతో కడిగితే పోదూ?"

"పోద్దని నీకు తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. గంప మూసెయ్యి."

గంపలోంచి నాలుగు చేపలే అమ్ముడయ్యాయి. కొన్నామె ఎర్ర స్కూటీ మీద వస్తుంది, పేరు తెలియదు. ఆమె తిరిగొస్తుందేమోనని మస్తానమ్మ సాయంత్రం దాకా కొట్టు ముందు అటూ ఇటూ తిరిగింది. చివరికి గంప తీసుకుని ఊరు చేరి, కుక్కలు తవ్వకుండా లోతుగా గొయ్యి తీసి చేపలన్నీ పూడ్చింది.

మర్నాడు ఉప్పును మూత ఉన్న డ్రమ్ములోకి మార్చింది. యూరియాను అచ్చు బయటికి కనబడే సంచిలో పోసి, వంటకు దూరంగా పశువుల కొట్టం చివరి గదిలో చెక్కల మీద పెట్టించి, తలుపుకు గడియ వేయించింది. మిగిలిన ఖాళీ సంచులను మళ్లీ ఎవరూ వాడకుండా కత్తితో చీల్చేసింది.

"యూరియాకి గది ఇచ్చావు, నాకు మంచం కూడా లేదు," అన్నాడు లక్ష్మయ్య.

ఆమెకు నవ్వు రాలేదు. అన్నం ముందు కూర్చుంటే ఆ నాలుగు చేపలే గుర్తొచ్చేవి. రోజూ మాణిక్యమ్మకు ఫోన్ చేసి, "స్కూటీ ఆమె కనబడిందా?" అని అడిగేది. వారం రోజులూ లేదనే జవాబు వచ్చింది.

ఎనిమిదో రోజు మాణిక్యమ్మే ఫోన్ చేసింది. "వచ్చింది వదినా మీ స్కూటీ ఆమె. తిట్టిపోసింది."

"ఏమని?"

"చేపల్లో ఉప్పు మరీ ఎక్కువైందంట. నోట్లో పెట్టుకోలేకపోయారంట."

"ఉప్పేనందా? ఇంకోసారి చెప్పు."

"ఉప్పే తల్లీ, ఉప్పే!"

ఫోన్ పెట్టేసి మస్తానమ్మ డ్రమ్ము మూత తీసింది. చెయ్యి తడిపి గుప్పెడు ఉప్పు పట్టుకుని, కాసేపు అలాగే ఉంచింది.

"మళ్లీ ఏంటి?" అన్నాడు లక్ష్మయ్య.

"ఉండు," అందామె.