ఒకసారి బయట చూడండి

లవంగ నూనె వాసన తగిలితే అందరికీ పంటి నొప్పి గుర్తొస్తుంది. నాకు కస్తూరి మేడమ్ గుర్తొస్తారు. ఈ ఉదయం చింతాద్రిపేటలో పళ్ల డాక్టరు దగ్గర, వాచిన బుగ్గ పట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నప్పుడూ అంతే.

పన్నెండేళ్ల కిందట ఈ క్లినిక్కుకు సాఫ్ట్‌వేర్ రాసింది మేమే. ఆవిడ మా టీమ్ లీడర్, పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి. నేను ఒంగోలు నుంచి వచ్చి, ఉద్యోగం ఖాయమవుతుందో లేదోనని బిక్కుబిక్కుమంటున్న ప్రొబేషన్ వాణ్ణి. మా సర్వర్ రోగుల జాబితాను మూటగట్టి పంపితే, ఇక్కడి కంప్యూటర్ విప్పుకోవాలి. నేను అతితెలివితో మా వైపు జాబితాలో 'ఏ పన్ను' అని ఒక గడి చేర్చాను. ఇక్కడి పాత ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. మూట విప్పలేక ఎర్రర్ ఇచ్చింది. ఎర్రర్ చూస్తే జనం కంగారుపడతారని, అలాంటప్పుడు ఖాళీ జాబితా చూపించమని ముందే రాసిపెట్టిన మహానుభావుణ్ణి కూడా నేనే.

తెర మీద 'ఈరోజు రోగులెవరూ లేరు' అని వచ్చింది. డాక్టరుగారు సంతోషంగా ఇంటికి వెళ్లిపోయారు. బయట పదకొండుమంది బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు. నోరు తెరిస్తే నొప్పి కాబట్టి చాలాసేపు ఎవరూ అడగలేదు. చివరికి మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది.

ఎర్రర్‌ను మింగేశాను కనుక కంప్యూటర్ రాసుకునే లాగ్‌లో దాని ఆనవాలే లేదు. నోరు మూసుకుంటే తప్పించుకునేవాణ్ణి. ఉండబట్టలేక వెళ్లి మేడమ్‌కు చెప్పేశాను.

"నా ఉద్యోగం పోయినట్టేనా మేడమ్?"

"అది ఆమీన చూస్తాంలేప్పా. మూట విప్పలేకపోతే విప్పలేదని చెప్పాల. మనుషులే లేరని ఎట్టా చెప్తివి? లే, ఆడికి పోదాం."

పదకొండుమందికీ నాచేత విడివిడిగా క్షమాపణ చెప్పించారు. ఒక పెద్దాయన మాట్లాడలేక, కొడతానన్నట్టు గొడుగెత్తి చూపించాడు. తెలియని గడి వస్తే వదిలేయమని ప్రోగ్రాముకు నేర్పాక, "మళ్లీ విప్పలేకపోతే ఏం చెప్తావు?" అన్నారు. మూట విప్పడానికి మా భాషలో ఉన్న మాటతో 'డీసీరియలైజేషన్ విఫలమైంది' అని రాశాను. రిసెప్షన్‌లో అమ్మాయి అది ఏ జబ్బని అడిగింది. మేడమ్ నన్ను పక్కకు జరిపి, ఇక్కడివాళ్లకు అర్థమయ్యేలా తమిళంలో తానే రాశారు: 'జాబితా అందలేదు. ఒకసారి బయట చూడండి.'

నన్ను ఖాయం చేస్తూ కాగితంలో రాసింది కూడా అంతే పొట్టిగా ఉంది. "తప్పు దాచడు. నేర్పితే కోడూ రాస్తాడు."

మేడమ్ పోయి రెండేళ్లు. ఆవిడ లేని లోటు నాకు ఇప్పటికీ తీరలేదు. మా అమ్మాయి ముఖం ముడుచుకుని "ఏం లేదు నాన్నా" అంటే, నిజంగా ఏమీ లేదో, నాదాకా రాలేదో అని ఇంకోసారి అడుగుతాను.

ఇంతలో రిసెప్షన్‌లో కొత్తమ్మాయి కంప్యూటర్ వంక అయోమయంగా చూసి, లేచి వచ్చి, అద్దం తలుపు తీసింది.

"లిస్టు రాలేదంట సార్. బయట చూడమంటా ఉంది. పన్ను చూపించుకోవాల్సింది మీరేనా?"

నోరు తెరవలేక చెయ్యెత్తాను.