ఆ పొద్దున చెరిపేసిన నాలుగు ముక్కలు

నాలుగేళ్లుగా ఒక పాపం మోస్తున్నాను. నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వాళ్లకి తెలియదు, చెరువుల గట్ల మీద ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. క్షమించమని అడగడానికి కాదు. క్షమించడం మీ చేతిలో లేదు, అడిగే మొహం నాకూ లేదు. వినండి, చాలు.

మాది భీమవరం అవతల. రొయ్యల చెరువులు. ఒకే డ్రెయిను మీద పద్నాలుగు చెరువులున్నాయి. అందరం ఆ డ్రెయిన్లోంచే మోటార్లతో నీళ్లు తోడుకుంటాం, రొయ్య పట్టేశాక చెరువులో నీళ్లు మళ్లీ దాంట్లోకే వదులుతాం. పైవాడు వదిలిందే కిందివాడి చెరువులోకి ఎక్కుతుంది. పైవాడి చెరువులో జబ్బుంటే, చెప్పకుండా తూము ఎత్తితే, కిందివాడి పని అయిపోయినట్టే. దీని గురించి మా గట్ల మీద తిట్టుకోని ఏడాది లేదు. ఎదురెదురు చెరువుల వాళ్లు పెళ్లిళ్లలో కనపడినా మొహాలు తిప్పుకునేవాళ్లు.

అప్పుడు తగుదునమ్మా అని నేను బయల్దేరాను. మిగతా పదమూడు మంది నంబర్లూ సంపాదించి ఫోనులో గ్రూపు పెట్టాను. "మన డ్రెయిను" అని పేరు. ఒకటే నియమం. తూము ఎత్తే ముందు గ్రూపులో పెట్టాలి. జబ్బుంటే జబ్బని రాయాలి. అది చూసి కిందివాళ్లు మోటార్లు ఆపుకోవాలి. ఎవరూ ఏమీ పెట్టకపోతే నీళ్లు మంచివని లెక్క. గొప్ప కోసం చెప్పడం లేదు గానీ, అది పనిచేసింది. మొహాలు తిప్పుకున్నవాళ్లు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పుకున్నారు, గట్టు మీద పాము కనపడితే ఫోటో పెట్టారు, ఒకరి ఇంట్లో బారసాల అయితే మిగతా పదమూడు ఇళ్ల వాళ్లూ వెళ్లారు. నన్ను అందరూ అడ్మిన్ గారు అనేవాళ్లు. మొదట వేళాకోళానికే. తర్వాత నిజంగానే. నాకు అది బాగా నచ్చింది. ఎంత నచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఒకసారి రాంబాబు అనే కుర్ర రైతు చెప్పకుండా తూము ఎత్తాడు. జబ్బేమీ లేదు, మర్చిపోయాడంతే. గ్రూపులో అందరి ముందూ కడిగేశాను. నువ్వు మనిషివేనా, పక్కవాడి పొట్ట కొట్టి బతుకుతావా అని రాశాను. వాడు చేతులు జోడించిన బొమ్మ పెట్టి క్షమించండి అన్నాడు. మిగతా పన్నెండు మందీ నన్ను మెచ్చుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నాకు మర్చిపోదామన్నా మర్చిపోవడం కుదరడం లేదు.

ఆ మరుసటి ఏడాది చిట్టచివరి చెరువుని నాగమణి కౌలుకి తీసుకుంది. ఊరు కడియం. మొక్కల నర్సరీల్లో ఇరవై ఏళ్లు కూలికి చేసిన మనిషి. భర్త మొక్కల లోడు ఎత్తుతూ పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. నాగమణికి మా ఊళ్లో అక్క ఉంది. ఆవిడ మాట మీద, ఉన్నదంతా ఊడ్చి రొయ్యల్లోకి దిగింది. ఒక్క పంట చేతికొస్తే ఈ జన్మకి మళ్లీ కూలికి వెళ్లక్కర్లేదని ఆమె ఆశ. గ్రూపులో చేర్చింది నేనే.

ఆమెకి రొయ్యల గురించి బొత్తిగా తెలియదు. ఆ మాట దాచుకోలేదు కూడా. టైపు చేయడం నిదానం, అందుకని గొంతు రికార్డు చేసి పెట్టేది. అన్నయ్యగారండీ, మేత ట్రేలో అలాగే మిగిలిపోతోంది, తగ్గించమంటారా? అన్నయ్యగారండీ, నీళ్లు పచ్చగా తిరిగాయి, భయమేమీ లేదు కదండీ? నేను జవాబులు ఇచ్చేవాణ్ణి. మాస్టారిలా, పేరాలు పేరాలు. ఆమె చెరువు లోతు తక్కువ, ఎండలకి నీళ్లు తొందరగా తగ్గిపోయేవి. రోజూ పొద్దున్నే తోడుకోవాల్సి వచ్చేది. మోటారు వేసే ముందు ఫోను తీసి గ్రూపు చూసుకునేది. మిగతావాళ్లు నీళ్ల రంగు చూస్తారు, వాసన చూస్తారు. ఆమె మమ్మల్ని చూసేది.

నమ్మింది, అంతే. మా పెద్దరికాన్ని నమ్మింది.

ఆ వేసవిలో నా చెరువుకి తెల్లమచ్చ తగిలింది, నీళ్లతో పాకి చెరువునే ఊడ్చేసే జబ్బు. పైనుంచి మూడో చెరువు నాది. పొద్దున వెళ్లేసరికి రొయ్యలు గట్టు వారకి వచ్చి నీరసంగా కొట్టుకుంటున్నాయి. ఒకదాన్ని పట్టి తల పెంకు ఒలిచి వెలుతురుకి ఎత్తి చూశాను. తెల్లటి చుక్కలు. 

ఏం చేయాలో నాకు తెలుసు. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? గ్రూపులో చెప్పాలి. రొయ్య పట్టేశాక నీళ్లలో బ్లీచింగ్ కలిపి, కొన్నాళ్లు నిలవ ఉంచి, ఆ తర్వాతే వదలాలి. ఇదంతా పదిమందికి నేర్పినవాణ్ణి నేనే. మరి చెప్పాడా ఈ పెద్దమనిషి? గ్రూపులో ఇలా పెట్టాడు: "రేటు బాగుందని మూడో చెరువు ముందుగానే పట్టేస్తున్నాం." వెంటనే బొటనవేళ్లు, చప్పట్లు. నాగమణి గొంతు కూడా వచ్చింది, చాలా సంతోషం అన్నయ్యగారండీ అని.

ఎందుకు అబద్ధం ఆడాను? రేటు కోసమా? జబ్బని తెలిస్తే కొనేవాడు రేటు కోసేస్తాడు, కొంత అదీ ఉంది, కాదనను. కానీ అసలు సంగతి అది కాదు. అడ్మిన్ గారి చెరువుకే జబ్బు వచ్చిందట అని రాంబాబు ఎక్కడ నవ్వుతాడోనని. నిజం చెబుతున్నాను, ఇంత చిన్న సంగతి. ఒకడు నవ్వుతాడేమోనన్న భయం. వాడు నవ్వేవాడు కూడా కాదేమో.

పట్టేశాక అడుగున చచ్చిన రొయ్య మిగిలింది. మర్నాడు తెల్లవారేసరికి గట్టు మీద కాకులు. మా వైపు కాకులు గుమిగూడాయంటే ఆ చెరువుకి జబ్బని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. బ్లీచింగ్ కొట్టి నీళ్లు నిలవ పెడితే, అన్నాళ్లూ దారిన పోయే ప్రతివాడూ ఆగి చూస్తాడు. ఎవరూ రాకముందే ఖాళీ చేసేయాలనిపించింది. అయినా మనసు ఒప్పుకోలేదు. గట్టు మీద కూర్చుని ఫోను తీసి టైపు చేశాను. "మూడో చెరువుకి తెల్లమచ్చ వచ్చింది. నీళ్లు వదులుతున్నాం. కింద ఎవరూ మోటార్లు వేయకండి." నాలుగు ముక్కలు. వేలు పంపే గుర్తు మీదే ఉంది. నిన్న రేటు బాగుందన్నావు కదా, ఇవాళ తెల్లమచ్చ అంటే ఏమనుకుంటారు? రాంబాబుని అన్న మాటలు గుర్తొచ్చాయి. ఒక్కొక్క అక్షరమే చెరిపేశాను. డ్రెయిను ఆటు మీదుంది, నీళ్లన్నీ సముద్రంలోకి లాగేస్తుంది, ఇంత పొద్దున్నే ఎవరు తోడతారులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎవరు తోడతారో నాకు తెలియదా? తెలుసు. రోజూ ఆ వేళకి ఎవరు తోడతారో పద్నాలుగు మందిలో నాకే బాగా తెలుసు.

తూము పలకలు ఎత్తాను.

వారం తిరిగేసరికి చివరి చెరువు మీద కాకులు కనపడ్డాయి. ఆ మధ్యాహ్నం నాగమణి మా ఇంటికి వచ్చింది. ఎర్రటి ఎండ. చేతిలో ప్లాస్టిక్ సంచి, దాంట్లో నాలుగు రొయ్యలు. లోపలికి రమ్మంటే రాలేదు, కాళ్లకి బురద ఉందండి అంది. గేటు దగ్గరే నిలబడింది. రొయ్యలు చూపించింది. నేను పెంకు ఒలిచి చూసినట్టు నటించాను. ఒలవకముందే తెలుసు.

"తెల్లమచ్చేనమ్మా" అన్నాను.

"ఎలా వచ్చిందండి అన్నయ్యగారూ? మీరు చెప్పినవన్నీ చేశానండి. ఒక్కటి కూడా తప్పలేదు."

నేను రొయ్యని తిరిగి సంచిలో వేశాను. ఆమె కాసేపు సంచి వంక చూసింది. తర్వాత మెల్లగా అంది.

"ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీరు చెరువు పట్టిన మర్నాడు పొద్దున, గ్రూపులో మీ పేరు పక్కన టైపింగ్ అని కనపడిందండి. మీరేదో పెడతారని మోటారు దగ్గర కాసేపు చూశాను. ఏమీ రాలేదు. సరేలే అని మోటారు వేసేశాను. ఆ రోజు ఏం పెడదామనుకున్నారండి?"

 అప్పుడు చెప్పొచ్చు. అది నాకు దేవుడిచ్చిన రెండో అవకాశం, కాదంటారా? ఆ క్షణం గురించి ఈ నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. ఒక్కసారి కూడా నా మీద నాకు జాలి కలగలేదు.

"గుడ్ మార్నింగ్ పెడదామనుకున్నానమ్మా. ఇంతలో ఎవరో పిలిస్తే మానేశాను."

"అంతేనాండి" అంది. "అడిగానని ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. ఏం తోచక మనసు పరిపరివిధాల పోతోంది."

నన్ను అనుమానించినందుకు నాకే క్షమాపణ చెప్పి వెళ్లింది. నేను అన్నం తిని పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది. అదీ రాస్తున్నాను.

ఇక్కడితో ఆగినా కొంత నయం. ఆగలేదు. ఆమె ఇంకెవరినైనా అడుగుతుందేమో, ఆ టైపింగ్ మాట పదిమందిలో పడుతుందేమో అని భయం పట్టుకుంది. సాయంత్రం గ్రూపులో పెద్ద వ్యాసం రాశాను. రొయ్య పిల్లని ల్యాబులో పరీక్ష చేయించకుండా చెరువులో వదలడం ఎంత ప్రమాదమో, అనుభవం లేనివాళ్లు ఆశకి పోయి దిగితే మొత్తం డ్రెయినుకే ముప్పు ఎలా వస్తుందో రాశాను. పేరు రాయలేదు. రాయాల్సిన పనేముంది? మిగతావాళ్లు అందుకున్నారు. తెలియనప్పుడు ఎందుకు దిగడం అన్నారు ఒకరు. మన చెరువులకి జబ్బు అంటించి ఉంటే ఎవరు సమాధానం చెప్పేవాళ్లు అన్నారు ఇంకొకరు. ఆమెది చివరి చెరువు కాబట్టి, ఆ పొద్దున ఇంకెవరూ నీళ్లు తోడలేదు కాబట్టి, నష్టపోయింది ఆమె ఒక్కతే. నా వైపు చూసే అవసరం ఎవరికీ రాలేదు.

ఆమె ఒక్క మాట కూడా అనలేదు. పిల్లని పరీక్ష చేయించానండి అని చెప్పి ఉండొచ్చు. చేయించింది కూడా. ఆ కాగితం నాకు చూపించిన తర్వాతే పిల్లని వదిలింది. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మర్నాడు పొద్దున చూస్తే, నాగమణి గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు బూడిదరంగు అక్షరాలు కనపడ్డాయి. నాలుగు రోజుల్లో ఊరు కూడా వదిలి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమెని ఒక్కసారే చూశాను. రెండేళ్ల కిందట, గట్టు మీద వేయడానికి కొబ్బరి మొక్కల కోసం కడియం వెళ్లాను. ఒక నర్సరీలో ఆడవాళ్లు వరసగా గొంతుక్కూచుని నల్ల సంచుల్లో మట్టి నింపుతున్నారు. అందులో ఆమె ఉంది. నన్ను చూసి చేతులు దులుపుకుని లేచింది. నేను చూడనట్టు వెళ్లిపోదామనుకున్నాను, కుదరలేదు. నిష్ఠూరంగా ఒక్క మాట అంటే బాగుండునని ఎదురుచూశాను. అనలేదు. అందరూ బాగున్నారా అని అడిగింది. ఈ ఏడు నీళ్లు బాగున్నాయా అని అడిగింది. గ్రూపు ఇంకా నడుస్తోందా అని అడిగింది. నడుస్తోందన్నాను. మొక్కలు ఏరడంలో సాయం చేసింది, వేరు కుళ్లినవి పక్కన పెట్టి మంచివి వ్యాన్లోకి ఎక్కించింది. దారి పొడుగునా వ్యాన్లో ఆ మొక్కల వంక చూడలేకపోయాను.

ఎందుకు ఇప్పుడు చెబుతున్నాను? పశ్చాత్తాపం అనుకోకండి, అంత పెద్ద మాటకి నేను తగను. మొన్న గ్రూపులో కొత్తగా చేరిన ఒకాయన అడిగాడు, ఎవరూ ఏమీ పెట్టకపోతే నమ్మకంగా మోటారు వేసుకోవచ్చా అండీ అని. అందరూ నా జవాబు కోసం చూశారు. నిస్సంకోచంగా వేసుకోండి అని టైపు చేశాను. పంపలేకపోయాను. ఫోను బోర్లించి పెట్టేశాను.

నిన్న మధ్యాహ్నం నాగమణి నంబరు తీశాను. ఆ పొద్దున చెరిపేసిన నాలుగు ముక్కలూ మళ్లీ టైపు చేశాను. అక్షరం మారలేదు, అన్నీ గుర్తున్నాయి. మూడో చెరువుకి తెల్లమచ్చ వచ్చింది. నీళ్లు వదులుతున్నాం. కింద ఎవరూ మోటార్లు వేయకండి. దాని కింద ఇంకొకటి రాశాను. "ఇది ఆ రోజు పెట్టాల్సిందమ్మా. వదిలింది నేనే. నీ రొయ్య పిల్లలో తేడా లేదని నాకు తెలుసు." చూస్తూ కూర్చుంటే మళ్లీ చెరిపేస్తానని తెలుసు. కళ్లు మూసుకుని పంపేశాను.

గ్రూపులో ఇంకా పెట్టలేదు. పెడతానని ఒట్టు వేయను, నా సంగతి నాకు తెలుసు. కానీ ఒక మనిషికైతే చెప్పాను. గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. సిగ్గులేకుండా ఆకలి కూడా వేసింది. ఈ నాలుగేళ్లలో అన్నం రుచి తెలిసింది నిన్ననే.

కాసేపటికి మెసేజీ కింద గీతలు రెండూ నీలంగా మారాయి. ఆమె చదివింది. పేరు కింద టైపింగ్ అని వచ్చింది. ఏదో పెడుతుందని చూస్తూ కూర్చున్నాను. ఏమీ రాలేదు.